హాంబర్గ్ బంకర్ మీద తోట: వచ్చినవాళ్లంతా అడిగే ప్రశ్నలు

నేనుండేది జర్మనీలోని హాంబర్గ్‌లో. ఊరు చూడ్డానికి చుట్టాలు వచ్చినా, స్నేహితులు వచ్చినా ఒక పూట రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫెల్డ్‌స్ట్రాసె బంకర్‌కి తీసుకెళ్తాను. హార్బర్ దగ్గర ఫోటోలు దిగుతారు, చర్చి చూసి బాగుందంటారు. ఇక్కడికొచ్చేసరికి మాత్రం ఆగి తలెత్తి చూసి ప్రశ్నలు మొదలుపెడతారు. ప్రతిసారీ ఇంచుమించు అవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

బంకర్ అంటే భూమి లోపల కదా ఉండాలి? ఇదేంటి, ఇంత ఎత్తుంది?

అందరి మొదటి ప్రశ్నా ఇదే. ఇది దాక్కోవడానికి మాత్రమే కట్టింది కాదు, విమానాల్ని కొట్టడానికి కట్టింది. జర్మన్‌లో వీటిని ఫ్లాక్ టవర్లు అంటారు. పైకప్పు మీద యాంటీ ఎయిర్‌క్రాఫ్ట్ గన్‌లు, కింద జనానికి ఆశ్రయం. చుట్టుపక్కల మేడలు అడ్డం రాకుండా గన్‌లు గురి చూడాలంటే ఎత్తు కావాలి. అందుకే బంకర్‌ని మేడలా లేపారు.

1940 ఆగస్టులో బ్రిటిష్ విమానాలు బెర్లిన్ మీద బాంబులు వేశాయి. రాజధానికే దెబ్బ తగిలేసరికి హిట్లర్ ఇలాంటి టవర్లు కట్టమన్నాడు. బెర్లిన్‌లో మూడు జతలు, హాంబర్గ్‌లో రెండు, వియన్నాలో మూడు లేచాయి. జత అనడానికి కారణం ఉంది. ఒక టవర్ మీద గన్‌లుంటే, కాస్త దూరంలో చిన్న టవర్ మీద రాడార్, గురి లెక్కలు కట్టే పరికరాలు ఉండేవి. ఫెల్డ్‌స్ట్రాసెలో ఇప్పుడు మిగిలింది పెద్దది ఒక్కటే. చిన్నదాన్ని 1970లలో కూల్చేశారు.

కొలతలు చెప్తే మావాళ్లకి పట్టదు. అందుకే ఇలా చెప్తాను: ఒక్కో వైపు సుమారు 75 మీటర్లు, అంటే ఇంచుమించు ఎకరం నలభై సెంట్ల స్థలాన్ని ఒకే కాంక్రీట్ దిమ్మగా పోశారనుకోండి. ఎత్తు 38 మీటర్లు. గోడ మందం దాదాపు మూడున్నర మీటర్లు. మన ఇళ్లల్లో ఒక బెడ్‌రూమ్ వెడల్పు ఎంతో, ఇక్కడ గోడ మందమే అంత.

ఎవరు కట్టారు?

డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ ఫ్రీడ్రిక్ టామ్స్. ఈ మూడు నగరాల్లోని టవర్ల డిజైన్ అతనిదే. అయితే బొమ్మ గీసినవాడొకడు, కాంక్రీట్ మోసినవాళ్లు వేరు. 1942లో 300 రోజుల్లో లేచిపోయింది ఈ కట్టడం. అంత త్వరగా ఎలా అంటే, వెయ్యిమందికి పైగా మనుషుల్ని బలవంతంగా తెచ్చి పని చేయించారు.

బయటి గోడ మీద ఒకచోట సెంట్రింగ్ చెక్కల అచ్చు కనిపిస్తుంది. చెక్క మీది గీతలు, ముడి ఉన్నచోట గుండ్రటి మచ్చ, రెండు చెక్కల మధ్య సందులోంచి సిమెంటు పాలు కారి గట్టిపడిన సన్నటి అంచు. మా మావయ్య సివిల్ కాంట్రాక్టరుగా ముప్పై ఏళ్లు చేశాడు. ఆ అంచు మీద వేలు పెట్టి రాస్తూ, "ఈ చెక్కలు కొట్టినవాడు పనివాడేరా, కానీ తొందరపెట్టారు" అన్నాడు. దగ్గర్లో ఉన్న బోర్డు చదివి వినిపించాను. వేలు తీసేశాడు. ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

యుద్ధంలో జనాన్ని నిజంగా కాపాడిందా?

లోపలికి వెళ్లగలిగినవాళ్లని కాపాడింది. 18 వేలమందికని కట్టారు. 1943 జులై చివర్లో బ్రిటిష్, అమెరికన్ విమానాలు వరసగా హాంబర్గ్ మీద పడ్డప్పుడు 25 వేలమంది దాకా ఇందులో ఇరుక్కున్నారు. జులై 27 రాత్రి ఊరి తూర్పు పేటల్లో మంటలన్నీ కలిసి ఒక తుఫానులా లేచాయి. ఆ దాడుల్లో మొత్తం 34 వేలమందికి పైగా చనిపోయారు.

"కాపాడింది" అన్న మాటకి ఇంకో పక్క కూడా ఉంది. నాజీల కాలంలో ఇలాంటి ఆశ్రయాల్లోకి యూదుల్ని, తూర్పు ఐరోపా నుంచి తెచ్చిన కూలీల్ని రానిచ్చేవారు కాదు. కట్టినవాళ్లకే లోపల చోటు లేదన్నమాట.

యుద్ధం అయ్యాక పడగొట్టి ఉండాల్సింది కదా?

బ్రిటిష్ వాళ్లు అదే అనుకున్నారు. కుదరలేదు. ఇంత కాంక్రీట్‌ని పేల్చాలంటే పెట్టాల్సిన మందుగుండుకి చుట్టూ ఉన్న పేట కూడా లేచిపోతుంది. బెర్లిన్ జూ పక్కనున్న టవర్‌ని టన్నుల కొద్దీ మందుగుండు పెట్టి పేల్చినా మొదట చెక్కుచెదరలేదు. చివరికి 1948లో కానీ లొంగలేదు. అక్కడ చుట్టూ ఖాళీ స్థలం ఉంది. ఇక్కడ లేదు.

పాత కట్టడాల్ని కాపాడుకున్న కథలు చెప్పేటప్పుడు జనం కాస్త గొప్పగా చెప్తారు, వారసత్వం, దూరదృష్టి అంటూ. ఈ బంకర్ విషయంలో నిజం అంత అందంగా ఉండదు. పడగొట్టలేకపోయారు కాబట్టి వాడుకున్నారు. తర్వాత జరిగిందంతా అక్కడి నుంచే మొదలైంది.

మరి ఇన్నేళ్లూ ఖాళీగా ఉండేదా?

ఒక్కరోజు కూడా ఖాళీగా లేదేమో! ఊరు సగం పైగా శిథిలమైంది, ఇళ్లు లేవు. అలాంటప్పుడు చెక్కుచెదరని కప్పున్న మేడని ఎవరు వదులుతారు? ముందు జనం కాపురాలు పెట్టారు. ఆఫీసులు వచ్చాయి. తర్వాత టీవీ వచ్చింది. జర్మనీలో యుద్ధం తర్వాత టీవీ మొదలైంది ఈ బంకర్లోనే. 1952 డిసెంబరు 26న ఇక్కడి నుంచి తొలిసారి ప్రసారమైన "టాగెస్‌షౌ" అనే వార్తల కార్యక్రమం ఈనాటికీ రాత్రి ఎనిమిదింటికి వస్తోంది. మనకి దూరదర్శన్ ప్రాంతీయ వార్తలు ఎలాగో, జర్మన్ ఇళ్లల్లో అది అలాగ.

ఆ తర్వాత ఫోటో స్టూడియోలు, యాడ్ ఏజెన్సీలు, సంగీత వాయిద్యాల షాపు వచ్చాయి. 1990లలో ఒక ప్రైవేటు మదుపరి దీర్ఘకాల లీజుకి తీసుకున్నాక ఇది నెమ్మదిగా సంగీతం వాళ్ల అడ్డాగా మారింది. నాలుగో అంతస్తులో 2006 నుంచి "ఊబెల్ ఉంట్ గెఫేర్లిష్" అనే క్లబ్ నడుస్తోంది. 2014లో ఒక ఛాంబర్ ఆర్కెస్ట్రా కింద తన సొంత హాలు "రెజొనన్జ్‌రౌమ్" తెరిచింది. ఒకే గోడల మధ్య ఒక అంతస్తులో వయొలిన్, ఇంకో అంతస్తులో టెక్నో. ఒకరి గోల ఇంకొకరికి వినపడదు. బాంబుల్ని ఆపిన కాంక్రీట్‌కి స్పీకర్లొక లెక్కా?

కాబట్టి దీన్ని కల్చరల్ సెంటర్‌గా మార్చింది 2024లో అనుకుంటే పొరపాటు. అప్పటికే డెబ్బై ఏళ్లకి పైగా జనం దీన్ని కొద్దికొద్దిగా మార్చుకుంటూ వచ్చారు. 2024లో తోడైంది పైన ఉన్నది.

పైన ఏం కట్టారు?

పాత కప్పు మీద మెట్లు మెట్లుగా సన్నబడుతూ పోయే ఐదు అంతస్తులు. 38 మీటర్ల కట్టడం 58 మీటర్లయింది. 134 గదుల హోటల్, రెండువేల పైచిలుకు జనం పట్టే హాలు, తినడానికీ తాగడానికీ చోట్లు, అన్నింటికంటే పైన 1,400 చదరపు మీటర్ల తోట. కింద నుంచి ఆ తోట దాకా బంకర్ చుట్టూ చుట్టుకుంటూ 560 మీటర్ల నడకదారి. దాన్ని "కొండదారి" అంటారు. చాలావరకు బల్లపరుపుగా ఉండే ఊళ్లో కొండదారి! సింహాచలం మెట్లు ఎక్కి పెరిగినవాళ్లకి కాస్త నవ్వొస్తుంది. 2019లో పని మొదలైంది, 2024 జులైలో తెరిచారు.

పాత కట్టడం అంత బరువు మోస్తుందా?

మావయ్య అడిగిన రెండో ప్రశ్న ఇది. మామూలు పాత మేడ మీద ఐదు అంతస్తులు వేస్తామంటే ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు. ఇది మామూలు మేడ కాదు. బాంబు పడితే తట్టుకోవాలి, పైన భారీ గన్‌లు పేలుతుంటే ఆ అదురు తట్టుకోవాలి అని లెక్కగట్టి పోశారు. ఆ లెక్క ముందు హోటల్ గదుల బరువెంత!

కష్టం ఇంకోచోట ఉంది. బంకర్‌ని మనుషులు రోజూ మసిలే చోటుగా మార్చాలంటే ముందు దానితో పోట్లాడాలి. బంకర్‌కి పుట్టుకతో వచ్చిన బుద్ధి మూసుకుని ఉండటం. పబ్లిక్ బిల్డింగ్‌కి కావలసింది తెరుచుకోవడం. అగ్నిప్రమాదం వస్తే జనం బయటపడటానికి మెట్లు కావాలి. గాలి ఆడాలి. పైపులు, వైర్లు పోవాలి. మన ఇంట్లో ఏసీ పైపుకి గోడలో కన్నం పెట్టించడానికి ఒక పూట పడుతుంది. ఇక్కడ ఒక్కో కన్నం మీటర్ల పొడవున్న సొరంగం. సుత్తితో అయ్యేది కాదు. వజ్రపు పళ్ల కోర్ కటింగ్ మెషీన్లు కావాలి, నీళ్లు పోస్తూ కొయ్యాలి, ముక్క బయటికి వచ్చాక క్రేన్‌తో దించాలి. కడ్డీలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో లోపలికి వెళ్లాక కానీ పూర్తిగా తెలీదు.

రెండోది చెమ్మ. దీని గురించి ఎవరూ అడగరు కానీ, బంకర్లలో పనిచేసేవాళ్లకి పెద్ద తలనొప్పి ఇదే. మీటర్ల మందం కాంక్రీట్ చలికాలపు చల్లదనాన్ని నెలల తరబడి దాచుకుంటుంది. వేసవిలో తలుపు తీస్తే బయటి వెచ్చటి, తేమ గాలి లోపలికొచ్చి ఆ చల్లటి గోడకి తగిలి నీళ్లవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లసీసా చెమర్చినట్టు గోడ చెమరుస్తుంది. బూజు పడుతుంది, పియానో శ్రుతి పోతుంది, పెయింటింగ్‌లు పాడవుతాయి. అందుకే గాలిని లోపలికి పంపే ముందే దాని తేమ తగ్గించాలి. బయటికి కనపడే తోట కంటే ఈ కనపడని యంత్రాలే నాకు ఎక్కువ ఆశ్చర్యం.

అంత ఎత్తులో చెట్లు ఎలా బతుకుతున్నాయి?

హాంబర్గ్ గాలి గురించి మీకు తెలీదు. గొడుగు వేస్తే గొడుగే మనల్ని లాక్కుపోతుంది. యాభై మీటర్ల పైన ఇంకా ఎక్కువ. చెట్లూ పొదలూ కలిపి 4,700, చిన్న మొక్కలతో కలిపితే దాదాపు 23 వేలు నాటారు. వేర్లు లోతుగా దిగడానికి నేల లేదు. అందుకే చెట్టు కాండాన్ని కాదు, వేరు ముద్దని కిందికి కట్టి ఉంచుతారు. మట్టి కూడా పొలం మట్టి కాదు, తేలిక రకం మిశ్రమం. వాననీళ్లు పట్టి ఉంచుకుని మళ్లీ మొక్కలకే ఇస్తారు.

తెరిచిన కొత్తలో చాలామంది పెదవి విరిచారు. ప్రచారం బొమ్మల్లో చూస్తే పచ్చటి కొండ, ఎదురుగా చూస్తే కాంక్రీట్ అంచుల మీద అక్కడక్కడా పొదలు. మా అత్తయ్య అయితే "మన మేడ మీద బంతిపూల కుండీలే నయం" అనేసింది. మొక్క ఎదగడానికి ఏళ్లు పడుతుంది కదా అని సర్దిచెప్పాను. తర్వాతి వేసవికే కాస్త గుబురెక్కింది.

నా అభిప్రాయం అడిగితే, పూర్తిగా కప్పెయ్యకపోవడమే మంచిది. పచ్చదనం కింద గోడ మాయమైతే దీన్ని ఎందుకు కట్టారో అడగడానికి ఎవరికీ గుర్తుండదు.

పెద్ద హాలుకి ఉన్న "గేయోర్గ్ ఎల్జర్" పేరు ఎవరిది?

వడ్రంగి. 1939 నవంబరు 8న మ్యూనిక్‌లోని ఒక బీర్ హాల్లో హిట్లర్ ప్రసంగిస్తుండగా చంపాలని టైమ్ బాంబు పెట్టాడు. రాత్రుళ్లు హాలు మూసేదాకా లోపలే దాక్కుని, వేదిక వెనక స్తంభాన్ని వారాల తరబడి కొంచెం కొంచెంగా తొలిచాడు. దుమ్ముని సంచిలో మోసుకెళ్లి పారేసేవాడు. ఆ రోజు హిట్లర్ అనుకున్నదానికంటే ముందే వెళ్లిపోయాడు. పదమూడు నిమిషాల తేడాలో బాంబు పేలి వేరేవాళ్లు చనిపోయారు. ఎల్జర్‌ని 1945 ఏప్రిల్‌లో నాజీల డాహౌ నిర్బంధ శిబిరంలో కాల్చి చంపారు.

హిట్లర్ మాటతో లేచిన కట్టడం నెత్తిన ఆ వడ్రంగి పేరు. ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా నచ్చింది ఇదే. ఖర్చు కూడా లేదు!

హోటల్ ఎందుకు? ఇది ప్రజల స్థలమా, వ్యాపారమా?

రెండూ. ఈ ప్రశ్నకి ఊళ్లో ఇద్దరిని అడిగితే మూడు జవాబులొస్తాయి.

జరిగింది ఇది. పైన అందరూ వచ్చే తోట పెట్టాలన్న ఆలోచనతో చుట్టుపక్కలవాళ్లు "హిల్డెగార్డెన్" అని ఒక సంఘం పెట్టుకున్నారు. బంకర్ చరిత్రని సేకరించడం, ఇక్కడ పనిచేసి చితికిపోయినవాళ్లని, ఆశ్రయం పొందినవాళ్లని గుర్తుపెట్టుకునే చోటు ఉండాలనడం కూడా వాళ్లదే. డబ్బు మాత్రం మదుపరిది. డబ్బు పెట్టినవాడికి రాబడి కావాలి, రాబడికి హోటల్ కావాలి. తోట కోసం హోటల్ వచ్చిందా, హోటల్ కోసం తోటని చూపించారా అన్న వాదన ఇంకా చల్లారలేదు. పాత కట్టడపు రూపమే పాడైందని బాధపడేవాళ్లు కూడా ఉన్నారు.

నేను ఎక్కడ నిలబడతానంటే, దారి ఉచితంగా తెరిచి ఉన్నంతకాలం ఒప్పుకుంటాను. స్కూలు పిల్లలు, చేతికర్రతో వచ్చే పెద్దవాళ్లు, పక్క వీధిలో బిర్యానీ కొనుక్కుని పైన బెంచీ మీద తినే మా కుర్రాళ్లు, ఎవరైనా ఎక్కొచ్చు. ఎవరూ ఏమీ కొనమనరు. దానికి టికెట్ పెట్టిన రోజున నా మాట మారుతుంది.

అంతమంది భయంతో గడిపిన చోట డాన్సులు, పార్టీలు... తప్పుగా అనిపించదా?

మా అమ్మ అడిగింది. మొదట్లో నాకూ అనిపించింది. అయితే ఈ టవర్ గుడి కాదు, సమాధీ కాదు. దీన్ని గంభీరంగా, భయం పుట్టించేలా ఉంచాలన్నది కట్టించినవాళ్ల కోరిక. యుద్ధం గెలిచాక రాతి తొడుగు వేసి కోటల్లా నిలపాలని కూడా అనుకున్నారు. ఇరవయ్యేళ్ల పిల్లలు అదే గోడల మధ్య తెల్లారేదాకా గెంతుతుంటే ఆ కోరికని కాలదన్నినట్టే. కాకపోతే లోపలికి వెళ్లేముందు అక్కడున్న చరిత్ర బోర్డు ఒకసారి చదవాలి. చాలామంది చదవరు. అమ్మకి నా జవాబు పూర్తిగా నచ్చలేదు.

ఇలాంటివి ఇంకెక్కడున్నాయి?

హాంబర్గ్‌లోనే రెండోది విల్‌హెల్మ్స్‌బుర్గ్ పేటలో ఉంది. బ్రిటిష్ వాళ్లు 1947లో లోపలి అంతస్తులు పేల్చేశారు, బయటి డొల్ల మిగిలింది. 2013 నుంచి అది ఆ పేటకి వేడినీళ్లు పంపే కేంద్రం. లోపల 20 లక్షల లీటర్ల నీళ్ల ట్యాంకు, కప్పు మీదా దక్షిణం వైపు గోడ మీదా సోలార్ పలకలు, పైన ఒక కేఫే. నన్నడిగితే వాడకంలో ఇదే అన్నింటికంటే తెలివైనది.

వియన్నాలో ఒక టవర్ అక్వేరియం అయింది. బయటి గోడ మీద కుర్రాళ్లు తాళ్లతో ఎక్కుతుంటారు. ఆ గోడ నెత్తిన యుద్ధాన్ని గుర్తుచేసే ఒక అక్షరాల కళాకృతి దాదాపు ముప్పై ఏళ్ల పాటు ఊరంతటికీ కనిపించేది. అక్వేరియాన్ని పెంచినప్పుడు అది కనపడకుండా పోయింది. పెంచుకుంటూ పోతే పోయేవి ఇలాంటివే.

బెర్లిన్‌లో 1943 నాటి రైల్వే బంకర్‌ది ఇంకా చిత్రమైన బతుకు. ఆశ్రయం, తర్వాత సోవియట్ సైన్యం జైలు, తర్వాత క్యూబా నుంచి వచ్చే పళ్ల గోడౌన్. అప్పట్లో "అరటిపళ్ల బంకర్" అనేవారు. 1990లలో టెక్నో క్లబ్, 2008 నుంచి ఒక ప్రైవేటు ఆర్ట్ కలెక్షన్. ఫ్రాన్స్‌లోని బోర్దోలో నాజీల సబ్‌మెరైన్ స్థావరం 2020లో డిజిటల్ ఆర్ట్ సెంటర్ అయింది. బొమ్మలు గోడల మీదా పడతాయి, నీళ్ల మీదా పడతాయి. నెదర్లాండ్స్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. 1940 నాటి చిన్న బంకర్‌ని కేకు కోసినట్టు నిలువునా రెండు ముక్కలు చేసి మధ్యలోంచి నీళ్లలోకి చెక్కదారి వేశారు. లోపలి చీకటి గది ఎంత ఇరుకో దారిన పోయేవాడికి కూడా తెలుస్తుంది. ఖర్చు తక్కువ, చెప్పేది ఎక్కువ.

మన దేశానికీ ఈ కథకీ ఏమైనా సంబంధం ఉందా?

బంకర్‌తో నేరుగా లేదు. ఊరితో ఉంది. ఈ కాంక్రీట్ పోస్తున్న ఏడాదే, 1942 సెప్టెంబరు 11న, హాంబర్గ్‌లో సుభాష్ చంద్రబోస్ పాల్గొన్న సభలో "జనగణమన"ని తొలిసారి ఆర్కెస్ట్రాతో వాయించారు. 1919లో మన మదనపల్లెలో టాగోర్ ఉన్నప్పుడు స్వరం రాసిపెట్టుకున్న పాట అది.

విశాఖలో కూడా యుద్ధకాలపు బంకర్లున్నాయి కదా, వాటినీ ఇలా చెయ్యకూడదా?

ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మా తాతమ్మ దాన్ని "జపానోడి బాంబు" అనేది, ఊరు ఖాళీ చేసి బళ్లమీద పోయిన సంగతి చెప్పేది. తీరం కాపలాకి అప్పట్లో కట్టిన పిల్‌బాక్సులు కొన్ని బీచ్ పక్కన ఇప్పటికీ కనిపిస్తాయి. తుపాకీ గొట్టం బయటికి పెట్టే సందులున్న చిన్న కాంక్రీట్ గదులు.

వాటికి హోటలూ వద్దు, తోటా వద్దు. లోపల నలుగురు నిలబడితే నిండిపోతుంది. కావలసింది అలలకి కింద ఇసుక కొట్టుకుపోకుండా చుట్టూ రాళ్ల కట్ట, లోపల చెత్త తీసే మనిషి, తెలుగులో రాసిన ఒక బోర్డు, రాత్రిపూట ఒక లైటు. 2002 నుంచి బీచ్‌రోడ్డు మీద కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం నడుస్తోంది. సెలవు రోజుల్లో అక్కడ క్యూ చూశారుగా. ఆ క్యూలో సగం మంది ఐస్‌క్రీమ్ తింటూ పిల్‌బాక్సుల దాకా నడుస్తారు, అక్కడ చూడ్డానికి ఏదో ఉందని చెప్తే.

సరే, వెళ్లాలంటే ఎలా?

యూ3 మెట్రో ఎక్కి ఫెల్డ్‌స్ట్రాసెలో దిగండి. స్టేషన్ బయటికొస్తే అడ్రస్ అడగక్కర్లేదు. పక్కనే ఫుట్‌బాల్ స్టేడియం ఉంది కాబట్టి మ్యాచ్ రోజున జనం తొక్కిసలాట. దారి పగటిపూట తెరిచి ఉంటుంది, టికెట్ లేదు. మెట్లు చాలానే ఉన్నాయి. మావయ్యకి మోకాళ్ల నొప్పి కాబట్టి ఆయన్ని హోటల్ లిఫ్ట్‌లో పంపించి మేం నడిచాం. వేసవైనా ఒక జాకెట్ తప్పనిసరి. అత్తయ్య చీర కొంగు నడుముకి దోపుకుని, పైన రెయిలింగ్ పట్టుకుని నిలబడింది.

ఏడాదికి మూడుసార్లు కింది మైదానంలో "డోమ్" అనే పెద్ద తిరనాళ్లు జరుగుతాయి. కుదిరితే అప్పుడు, సాయంత్రం పూట ఎక్కండి. గన్‌లు పెట్టిన చోట నిలబడితే జెయింట్ వీల్ మీ కళ్ల ఎదురుగానే తిరుగుతుంటుంది. అందులో ఉన్న పిల్లలు చెయ్యూపుతారు.